జాగ్ పాంజర్ మళ్లీ కలిసి చేసిన 'ది ఫోర్త్ జడ్జ్‌మెంట్' వినాలా? పాత అమెరికన్ పవర్ మెటల్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఐరన్ మెయిడెన్, హెలోవీన్ లాంటి హెవీ మెటల్ బ్యాండ్లను ఇష్టంగా వింటారు. పాత అమెరికన్ పవర్ మెటల్ కూడా వినమని ఒక ఫ్రెండ్ జాగ్ పాంజర్ అనే బ్యాండ్ పేరు చెప్పాడు. వాళ్ల 1984 ఆల్బమ్ 'యాంపుల్ డిస్ట్రక్షన్' పెడితే సౌండ్ పలచగా అనిపించి రెండు పాటల తర్వాత ఆపేశారు. 1997లో బ్యాండ్ మళ్లీ నిలదొక్కుకుని చేసిన 'ది ఫోర్త్ జడ్జ్‌మెంట్' వినాలా, లేక విడిపోయి తిరిగొచ్చిన బ్యాండ్ల ఆల్బమ్‌లన్నీ పాత పేరును అమ్ముకోవడమేనా అని మీ అనుమానం. గిటార్ మొదలుపెట్టి ఏడాది అయింది కాబట్టి ఇందులో మీరు నేర్చుకోవడానికి ఏమైనా ఉందా అని కూడా అడిగారు.

తప్పకుండా వినండి. ముందు 'ది ఫోర్త్ జడ్జ్‌మెంట్' వినండి, ఆ తర్వాతే 'యాంపుల్ డిస్ట్రక్షన్'కి వెళ్లండి. పాత అభిమానులు చాలామంది దీనికి తలకిందులుగా చెప్తారు. 1984 ఆల్బమ్ గొప్పదన్న విషయంలో నాకూ వాళ్లతో పేచీ లేదు. కాకపోతే ఇప్పటి రికార్డింగ్‌లకు అలవాటు పడ్డ చెవి ఆ సౌండ్‌ని దాటి పాట దాకా చేరాలంటే, ఈ బ్యాండ్ ఏం చేయాలనుకుంటోందో ముందే తెలిసుండాలి. అది 1997 ఆల్బమ్‌లో స్పష్టంగా వినిపిస్తుంది. హైదరాబాద్‌లో గిటార్ నేర్పుతూ చాలా ఏళ్లుగా చూస్తున్నాను, ఈ వరసలో విన్న కుర్రాళ్లు దాదాపు అందరూ పాత ఆల్బమ్‌ని కూడా చివరిదాకా విన్నారు. నేరుగా పాతదానితో మొదలుపెట్టినవాళ్లలో సగం మంది మీలాగే ఆపేశారు.

ఇక కారణాలు.

పవర్ మెటల్ అనగానే మీకు హెలోవీన్ గుర్తొస్తుంది. 1987, 1988లో వచ్చిన వాళ్ల 'కీపర్ ఆఫ్ ది సెవెన్ కీస్' రెండు భాగాలే యూరప్‌లో ఆ దారి వేశాయి. డబుల్ బేస్ డ్రమ్స్ ఆగకుండా పరిగెడుతుంటాయి, కోరస్ వచ్చేసరికి మైదానమంతా కలిసి పాడేంత వెలుగు వస్తుంది. తర్వాత వచ్చినవాళ్లు దానికి కీబోర్డులు బాగా కలిపారు. అమెరికా దారి వేరు. అది 80ల మొదట్లోనే బ్రిటిష్ హెవీ మెటల్ నుంచి నేరుగా పుట్టింది. పక్కనే పెరుగుతున్న థ్రాష్ (బాగా వేగంగా, దూకుడుగా ఉండే మెటల్) నుంచి కరుకుదనం తీసుకుంది. అక్కడ పాటను నడిపేది రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరస. కీబోర్డ్ ఉన్నా వెనకే ఉంటుంది. కోరస్ సంబరంగా ఉండాలన్న నియమం లేదు, చాలాసార్లు భయం, కోపం, పట్టుదలే ఉంటాయి. ఫ్లోరిడాలో సావటేజ్, క్రిమ్సన్ గ్లోరీ, హ్యూస్టన్‌లో హెల్‌స్టార్, కనెక్టికట్‌లో తొలినాళ్ల ఫేట్స్ వార్నింగ్, వీళ్లంతా ఈ కోవలోనివాళ్లే. కొలరాడో స్ప్రింగ్స్ నుంచి వచ్చిన జాగ్ పాంజర్ కూడా.

కొలరాడో స్ప్రింగ్స్ కొండల పక్కన ఉన్న ఊరు, డెన్వర్‌కి దక్షిణాన ఉంటుంది. డెన్వర్ వైపు మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ సమాధానం చదివేవాళ్లలో కొందరికి ఆ ఊరు తెలిసే ఉంటుంది. సంగీత కంపెనీలు తిరిగే లాస్ ఏంజెలెస్‌కీ న్యూయార్క్‌కీ అది బాగా దూరం. 1981 ప్రాంతంలో రిథమ్ గిటార్ వాయించే మార్క్ బ్రయోడీ, బేస్ వాయించే జాన్ టెట్లీ, గాయకుడు హ్యారీ కాంక్లిన్ అక్కడే ఈ బ్యాండ్ మొదలుపెట్టారు. మొదటి పేరు టైరంట్. ఆ పేరుతో ఇంకో బ్యాండ్ ఉండటంతో జర్మన్ యుద్ధ ట్యాంకు యాగ్ట్‌పాంజర్ పేరు తీసుకుని, పలకడానికి వీలుగా ఒక అక్షరం తీసేశారు. టైరంట్ అన్న మాట మాత్రం పోలేదు, కాంక్లిన్‌కి ముద్దుపేరుగా ఉండిపోయింది. ఇప్పటికీ అభిమానులు ఆయన్ని 'ది టైరంట్' అనే పిలుస్తారు.

'యాంపుల్ డిస్ట్రక్షన్' తర్వాత జరిగింది తెలిస్తేనే 1997 ఆల్బమ్ విలువ తెలుస్తుంది. లీడ్ గిటారిస్ట్ జోయీ టఫోలా బయటికెళ్లి 1987లో సొంత ఇన్‌స్ట్రుమెంటల్ ఆల్బమ్ చేశాడు. కాంక్లిన్ కూడా వెళ్లిపోయాడు. సేటన్స్ హోస్ట్‌తో ఒక ఆల్బమ్, తర్వాత టైటన్ ఫోర్స్‌తో 1989లో ఒకటి, 1991లో ఒకటి పాడాడు. మిగిలినవాళ్లు బాబ్ పర్డూబా అనే గాయకుడితో ఒక పూర్తి ఆల్బమ్ రికార్డ్ చేశారు గానీ అది అప్పట్లో విడుదలే కాలేదు. 'చైన్ ఆఫ్ కమాండ్' పేరుతో 2004లో బయటికొచ్చింది. 1994లో డేనియల్ కాంకా గాయకుడిగా 'డిసిడెంట్ అలయన్స్' చేశారు. అప్పుడు నడుస్తున్న గ్రూవ్ మెటల్ ఊపుకి తగ్గట్టు అరుపులు, తెగ్గొట్టినట్టుండే బరువైన రిఫ్‌లు. పాత అభిమానులకు అందులో తమ బ్యాండ్ కనిపించలేదు. నేనూ విన్నాను. వాయించడంలో లోపమేమీ లేదు, కానీ ఆ పాటలు అప్పటి బ్యాండ్లు ఎవరైనా చేయగలిగినవే. జాగ్ పాంజరే చేయాల్సినవి కావు.

ఆ తర్వాత కాంక్లిన్ తిరిగొచ్చాడు, టఫోలా కూడా వచ్చాడు. సెంచరీ మీడియా కంపెనీ 1997లో 'ది ఫోర్త్ జడ్జ్‌మెంట్' విడుదల చేసింది. విడుదలైన ఫుల్ ఆల్బమ్‌ల లెక్కలో ఇది మూడోది. రికార్డ్ చేసి మూలన పడేసినదాన్ని కలుపుకుంటే నాలుగు.

ఆ ఏడాది చుట్టూ ఏం జరుగుతోందో చూడండి. హెవీ మెటల్‌కి పెద్దన్నలాంటి జూడాస్ ప్రీస్ట్ అదే 1997లో కొత్త గాయకుడితో 'జగ్యులేటర్' చేసింది, అది కూడా అప్పటి బరువైన, చీకటి పద్ధతిలోనే. అమెరికాలో పాత పద్ధతి మెటల్‌కి రేడియోలో చోటు లేదు. యూరప్‌లో మాత్రం గాలి మారుతోంది. స్వీడన్ నుంచి హ్యామర్‌ఫాల్ మొదటి ఆల్బమ్ 'గ్లోరీ టు ది బ్రేవ్' వచ్చిందీ ఆ ఏడాదే. అంటే జాగ్ పాంజర్ తన సొంత దేశంలో ఎవరూ అడగని సంగీతాన్ని, మూడేళ్ల కిందట తామే వదిలేసిన పద్ధతిని మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఈ ఆల్బమ్ మీద నాకున్న గౌరవంలో సగం ఇక్కడి నుంచే వచ్చింది.

ఆల్బమ్‌లో ఏం వినాలి

పది పాటలు. మొదటిది 'బ్లాక్'. ఫోన్ స్పీకర్ మీద కాకుండా మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఎందుకంటే ఇందులో జాన్ టెట్లీ బేస్ గిటార్ చాలా పని చేస్తుంది, చిన్న స్పీకర్లలో అది మాయమైపోతుంది. మొదటిసారి పాటను పాటగానే వినండి. రెండోసారి కాంక్లిన్‌ని పక్కన పెట్టి కేవలం బ్రయోడీ కుడి చేతిని వినండి. రిఫ్‌లో ఎక్కడ తీగను అరచేతి అంచుతో నొక్కి పట్టాడు, ఎక్కడ వదిలి మోగనిచ్చాడు, అదే ఈ సంగీతానికి ప్రాణం. గట్టిగా వాయించడం ఎవరికైనా వస్తుంది. సరైన చోట తీగను వదిలిపెట్టడానికి ఏళ్లు పడుతుంది.

మూడోసారి గొంతు. కాంక్లిన్ పై స్థాయిలో కేక పెట్టినప్పుడు అందరూ గమనిస్తారు. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆయన మధ్య స్థాయి. అక్కడ గొంతులో కొంచెం గరుకు ఉంటుంది, మాట స్పష్టంగా ఉంటుంది, వాక్యం చివర స్వరాన్ని ఊపుతూ నిలబెట్టే పద్ధతి ఒపెరా పాడేవాళ్లను గుర్తు చేస్తుంది. ఆ మధ్య స్థాయి అంత బలంగా ఉండబట్టే పైకెళ్లినప్పుడు అర్థం వస్తుంది. ఈ బాణీలో పాడే చాలామంది పాట మొత్తం పైనే ఉంటారు, పది నిమిషాల్లో చెవి అలిసిపోతుంది. ఈయన పాటకు ఎక్కడ అవసరమో అక్కడే పైకెళ్తాడు. మూడో పాట 'డిస్పెయిర్', తొమ్మిదోది 'సొనెట్ ఆఫ్ సారో' దగ్గర ఈ విషయం మీకే తెలుస్తుంది.

'షాడో థీఫ్' మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. అది 80ల నాటి పాట, అప్పట్లో విడుదల కాకుండా ఉండిపోయినదాన్ని ఇక్కడ మళ్లీ రికార్డ్ చేశారు. పక్కనున్న కొత్త పాటలతో కలిపి విన్నప్పుడు ఏది పాతదో ఏది కొత్తదో ముందే తెలియనివాళ్లు చెప్పలేరు. నా స్టూడెంట్స్‌కి పాటల పేర్లు చెప్పకుండా వినిపించి అడిగితే తలో పాట పేరు చెప్పారు. ఇన్నేళ్ల తర్వాత రాసిన పాటలు పాతవాటి పక్కన తలదించుకోకుండా నిలబడ్డాయంటే, తిరిగిరావడం అంటే అదీ.

టఫోలా సోలోల గురించి కూడా ఒక మాట. ఆయన వేగం గురించే అందరూ మాట్లాడతారు. నాకు నచ్చేది ఆ సోలో ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలిసి ఉండటం. సోలో అయిపోయి రిఫ్ తిరిగి వచ్చే చోట పాట ఎక్కడా కుంటుపడదు.

మీకు నచ్చకపోవడానికి అవకాశం ఉన్న సంగతులు

హెలోవీన్‌లో ఉండే సరదా ఇందులో దొరకదు. కోరస్‌లు మొదటిసారికే నోటికి రావు, రెండు మూడు సార్లు వినాలి. కీబోర్డుల జలపాతం ఆశిస్తే నిరాశ పడతారు. పై స్థాయి గొంతు అంటేనే పడనివాళ్లు కూడా ఉంటారు. నా దగ్గర ఒక అమ్మాయి గిటార్ చాలా బాగా వాయించేది, ఈ గొంతు మాత్రం భరించలేకపోయింది. ఆమెకు 'డిస్పెయిర్' ఒక్కటే ఇచ్చి, రోజుకోసారి వినమని చెప్పాను. నెల తిరిగేసరికి మిగతా ఆల్బమ్ తనే అడిగి తీసుకుంది. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పను. ఇంకో కుర్రాడు ఎంత విన్నా ఒప్పుకోలేదు, థ్రాష్ వైపు వెళ్లిపోయాడు, అక్కడ హాయిగా ఉన్నాడు.

ఇంకో విషయం. 1984 ఆల్బమ్‌లో ఒక తెంపరితనం ఉంది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు రేపు ఉంటామో లేదో అన్నట్టు వాయించిన తీరు అది. 1997లో అది లేదు. చేయి తిరిగినవాళ్ల నిబ్బరం ఉంది. రెండింటినీ పోల్చి ఒకదాన్ని తక్కువ చేయొద్దు. అందుకే కొత్తది విన్నాక ఒక వారం ఆగి, అప్పుడు 'యాంపుల్ డిస్ట్రక్షన్' పెట్టి 'లైసెన్స్‌డ్ టు కిల్' నుంచి వరసగా వెళ్లండి. ఈసారి పలచటి సౌండ్ మీ దృష్టికి రాదు. రిఫ్‌లు గుర్తుపడతారు, గొంతు గుర్తుపడతారు. చివరి పాట 'ది క్రూసిఫిక్స్' దాకా ఆపకండి.

తిరిగొచ్చిన బ్యాండ్లన్నీ ఇంతేనా?

మీ అనుమానానికి కారణం ఉంది. పాత పేరు, ఒకే ఒక్క పాత సభ్యుడు, పాత ఆల్బమ్ బొమ్మను పోలిన కవర్, లోపల ఊపిరి లేని పాటలు, ఇలాంటివి నేనూ కొన్నాను. నేను చూసేవి రెండే. ఒకటి, బ్యాండ్‌కి గుర్తింపు తెచ్చిన మనుషుల్లో ఎవరు తిరిగొచ్చారు. గొంతే గుర్తింపుగా ఉన్న బ్యాండ్‌కి గాయకుడు రాకపోతే మిగతా నలుగురు వచ్చినా కష్టమే, 'డిసిడెంట్ అలయన్స్' అందుకు మంచి ఉదాహరణ. రెండోది ఇంకా ముఖ్యం: ఆ తర్వాత ఏం చేశారు. ఒక్క ఆల్బమ్ చేసి సంగీత ఉత్సవాల స్టేజీల మీద పాత పాటలు వాయిస్తూ తిరిగితే అది జ్ఞాపకాల వ్యాపారం. పని కొనసాగిస్తే అది బతికున్న బ్యాండ్.

జాగ్ పాంజర్ 1998లో 'ఏజ్ ఆఫ్ మాస్టరీ', 2000లో 'థేన్ టు ది థ్రోన్', 2001లో 'మెకనైజ్డ్ వార్‌ఫేర్', 2004లో 'కాస్టింగ్ ది స్టోన్స్' చేసింది. 2011లో 'ది స్కర్జ్ ఆఫ్ ది లైట్' తర్వాత విడిపోతున్నామని చెప్పారు. రెండేళ్లకే మళ్లీ కలిశారు. 2017లో 'ది డీవియంట్ కార్డ్', 2023లో ఒకే కథ మీద నడిచే 'ది హ్యాలోడ్' వచ్చాయి. కాంక్లిన్ గొంతు ఇప్పటికీ ఉంది. పాత పేరు మీద బతికేవాళ్లు ఇంత శ్రమ పడరు.

వేరే ఊళ్ల నుంచి కూడా మంచి ఉదాహరణలున్నాయి. న్యూకాసిల్ బ్యాండ్ సేటన్ 1983 నాటి 'కోర్ట్ ఇన్ ది యాక్ట్' వాయించిన అదే ఐదుగురితో ముప్పై ఏళ్ల తర్వాత, 2013లో 'లైఫ్ సెంటెన్స్' చేసింది. వేగం, మెలికలు తిరిగే రిఫ్‌లు ఇష్టమైతే వెంటనే వినండి. కాలిఫోర్నియాలోని వెంచురా నుంచి వచ్చిన సిరిత్ ఉంగోల్ 1991 తర్వాత 2020లో 'ఫరెవర్ బ్లాక్' ఇచ్చింది. అది ఇంకా నెమ్మదిగా, బరువుగా ఉంటుంది. టిమ్ బేకర్ గొంతు కాంక్లిన్ గొంతుకంటే చాలా ఎక్కువ పరీక్ష పెడుతుంది. స్వీడన్ బ్యాండ్ హెవీ లోడ్ 1983 తర్వాత మళ్లీ ఫుల్ ఆల్బమ్ చేసింది 2023లో. మూడింటిలో మీ అభిరుచికి మొదట దగ్గరయ్యేది సేటన్ అని నా అంచనా.

గిటార్ కోసం

ఏడాది అనుభవం ఉన్నవాళ్లకు ఈ ఆల్బమ్ రిఫ్‌లు సోలోలకంటే ఎంతో ఎక్కువ నేర్పుతాయి. మూడు నెలలు సోలోల జోలికి పోవద్దు.

ఐరన్ మెయిడెన్ 'ది ట్రూపర్'లో గుర్రం దౌడు తీసినట్టుండే లయ మీకు తెలుసు. ఒక పొడుగు దెబ్బ, రెండు పొట్టి దెబ్బలు. నోటితో 'తా తక, తా తక' అంటూ తొడ మీద చేత్తో వేయండి. మృదంగం నేర్చుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఐదు నిమిషాల్లో పట్టిస్తారు. పొడుగు దెబ్బకు పిక్ కిందికి, తర్వాతి రెండింటికి కిందికి, పైకి. మెట్రోనోమ్ (టిక్ టిక్ అంటూ లయ చూపే పరికరం) 80 దగ్గర పెట్టి, శబ్దం శుభ్రంగా వచ్చాకే ఐదైదు చొప్పున పెంచండి. మోచేయి బిగుసుకుంటే ఆపేయాలి. నొప్పితో వాయించిన వేగం నిలవదు, పైగా చెయ్యి పాడవుతుంది. ఈ విషయంలో నేను పిల్లలతో చాలా కచ్చితంగా ఉంటాను.

స్వరాల సంగతికొస్తే, మెటల్‌లో తరచూ వినిపించే నాచురల్ మైనర్ స్కేల్ మన నఠభైరవి, హార్మోనిక్ మైనర్ మన కీరవాణి. కర్ణాటక సంగీతం కొంచెమైనా నేర్చుకుని ఉంటే మీకు సగం పని అయిపోయినట్టే. కీరవాణి ఆరోహణ అవరోహణలు ఫ్రెట్‌బోర్డ్ మీద రెండు తీగల మీద వాయించి, తర్వాత ఒక ఫ్రెండ్‌ని అదే వరస రెండు మెట్లు పైనుంచి వాయించమనండి. మీరు 'స' దగ్గర మొదలుపెడితే అతను 'గ' దగ్గర. జంట గిటార్ల హార్మనీ మొత్తం అక్కడి నుంచే మొదలవుతుంది. ఎవరూ దొరక్కపోతే ఫోన్‌లో ఒకటి రికార్డ్ చేసుకుని దాని మీద రెండోది వాయించండి.

సోలోలకు సిద్ధమయ్యాక 'ఏజ్ ఆఫ్ మాస్టరీ' నుంచి వినండి. టఫోలా మళ్లీ వెళ్లిపోయాక వచ్చిన క్రిస్ బ్రోడరిక్ అందులో వాయించాడు. ఆయనే తర్వాత మెగాడెత్‌లో చేరి, 2008 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఆ బ్యాండ్‌తో వాయించాడు. హైదరాబాద్ నుంచి కూడా చాలామంది వెళ్లిన షో అది. ఆ రాత్రి స్టేజీ మీదున్న మనిషి పదేళ్ల ముందే కొలరాడో బ్యాండ్‌లో ఏ స్థాయిలో వాయించాడో మనవాళ్లు చాలామంది వినలేదు. బ్రోడరిక్ చెయ్యి అక్కడ పూర్తిగా విప్పుకుని కనిపిస్తుంది.

ఆయనే ఉన్న 'థేన్ టు ది థ్రోన్' షేక్‌స్పియర్ మాక్‌బెత్ కథ మొత్తాన్ని పాటలుగా చెప్తుంది. కాలేజీలో మాక్‌బెత్ చదివి ఉంటే ఒకసారి కథ గుర్తు చేసుకుని, సాహిత్యం ముందు పెట్టుకుని, 'థేన్ ఆఫ్ కాడోర్' నుంచి ఒకే కూర్చోడంలో వినండి. దీన్ని ముక్కలుగా వింటే లాభం లేదు. అందుకే దీన్ని మూడో ఆల్బమ్‌గా పెట్టుకోమంటాను. ముందు 'ది ఫోర్త్ జడ్జ్‌మెంట్', తర్వాత 'యాంపుల్ డిస్ట్రక్షన్', ఆ తర్వాత ఇది. 'డిసిడెంట్ అలయన్స్' చరిత్ర కోసం ఎప్పుడైనా వినొచ్చు, తొందరేమీ లేదు.

మొదటి వారం విన్నాక 'బ్లాక్' రిఫ్ చేతికి ఎంతవరకు వచ్చిందో కింద రాయండి. ఆల్బమ్‌తో కలిపి వాయించే ముందు మీ గిటార్ ట్యూనింగ్ పాటతో సరిపోతోందో లేదో చెవితో చూసుకోండి. ఏ బార్ (మన తాళంలో ఆవర్తం లాంటిది) దగ్గర చెయ్యి ఆగుతోందో చెప్తే పికింగ్ ఎలా మార్చాలో రాస్తాను.